పువ్వులతో భావం పలికించడం: ఎక్స్‌ప్రెషనిస్టు పూల చిత్రం వేసే విధానం

పూలజాడీని ఎదురుగా పెట్టుకుని చిత్రం వేయడానికి కూర్చున్నవారిలో చాలామంది రేకు వంపును, ఆకు ఈనెను, గాజు మీది మెరుపును ఉన్నవి ఉన్నట్టుగా దించడానికే తమ శ్రమనంతా వెచ్చిస్తారు. అది గౌరవించదగిన విద్యే గానీ, ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారుడు కోరుకునేది అది కాదు. చూస్తున్న పువ్వు తన లోపల లేపిన సంతోషాన్నో, భయాన్నో, దిగులునో రంగుగా, గీతగా, కుంచె వేగంగా మార్చి చూపరికి అందించడం అతని పని. అందుకోసం పువ్వు ఆకారాన్ని సాగదీయవలసివస్తే సాగదీస్తాడు, కాడను ఎర్రగా వేయవలసివస్తే వేస్తాడు. ఈ వ్యాసం అటువంటి చిత్రాన్ని మొదటి ఆలోచన నుంచి పూర్తయ్యేదాకా ఎలా నడిపించాలో వివరిస్తుంది. ఈ చిత్రాల్లో సంకేతం పువ్వు పేరులో కంటే ఆ పువ్వును వేసిన తీరులోనే ఎక్కువగా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. కింద చెప్పిన ప్రతి దశలోనూ ఆ నమ్మకమే పనిచేస్తుంది.

మొదలుపెట్టే ముందు ఎవరి చిత్రాలు చూడాలి

కుంచె పట్టే ముందు కొన్ని చిత్రాలను నిదానంగా చూడడం అవసరం. ఎక్స్‌ప్రెషనిజానికి ముందుతరం వాడైన వాన్ గో 1888 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో పొద్దుతిరుగుడు పువ్వుల చిత్రాలు వేశాడు. తన దగ్గరకు రాబోతున్న మిత్రుడు, చిత్రకారుడు గోగాఁ గదిని అలంకరించడం ఆ చిత్రాల ఉద్దేశం. వాటిలో కొన్నిటిలో పసుపుపచ్చ పువ్వులు, పసుపుపచ్చ బల్ల, పసుపుపచ్చ గోడ కలిసి ఒకే రంగుతో నిండిన లోకం కనిపిస్తుంది. 1905లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో కిర్ష్‌నర్, హెకెల్, ష్మిట్-రొట్లుఫ్, బ్లైల్ అనే నలుగురు వాస్తుశిల్ప విద్యార్థులు ‘డీ బ్రూకె’ అనే బృందాన్ని స్థాపించారు. వాళ్లు తమకంటే వయసులో పెద్దవాడైన ఎమిల్ నోల్డెను 1906లో తమతో చేరమని పిలిచినప్పుడు, అతని చిత్రాల్లోని రంగుల తుపానులకు తమ గౌరవంగా ఆ ఆహ్వానాన్ని పంపారు. నోల్డె అప్పటికి ఆల్సెన్ దీవిలో ఉంటూ ఇరుగుపొరుగు తోటల్లోని పువ్వులను వేయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత 1927 నుంచి జేబ్యూల్‌లో ఇల్లు కట్టుకుని, అక్కడి పూలతోటలో దారులను తన పేరులోని, భార్య ఆడా పేరులోని మొదటి అక్షరాల ఆకారంలో వేసుకున్నాడు.

వీళ్లతోపాటు 1919 ప్రాంతంలో హైమ్ సూటీన్ వేసిన ఎర్రని గ్లాడియోలస్ పువ్వుల చిత్రాలను, ఎగాన్ షీలె వేసిన వాడిన పొద్దుతిరుగుడు పువ్వులను, గాబ్రియేలె మ్యుంటర్ ముర్నావ్ ఊళ్లో వేసిన స్టిల్‌లైఫ్‌లను (కదలని వస్తువుల చిత్రాలను) కూడా చూడండి. చూసేటప్పుడు ఇది ఏ పువ్వు అని అడగకండి. ఈ ఎరుపు ఎక్కడ ఆగింది, కాడ ఎటు ఒరిగింది, జాడీకి బల్ల మీద నిలకడ ఉందా, పువ్వుల చుట్టూ గాలి ఆడుతోందా లేక ఊపిరాడనంత ఇరుకుగా ఉందా అని అడగండి. జవాబులను ఒక పుస్తకంలో రాసుకుంటే తర్వాత మీ చిత్రానికి అవే పనిముట్లవుతాయి.

మొదటి దశ: ఒక వాక్యం రాయడం

పువ్వులు కొనడానికో కోయడానికో వెళ్లకముందే, మీ చిత్రం చూపరిలో ఏం కలిగించాలో ఒకే ఒక వాక్యంలో రాయండి. ‘దుఃఖం’, ‘ఆనందం’ వంటి ఒంటరి మాటలు సరిపోవు. అవి మరీ విశాలమైనవి కాబట్టి ఏ రంగు వేసినా సరిపోయినట్టే అనిపించి, చివరకు ఏ నిర్ణయానికీ ఆధారం కాకుండా పోతాయి. ‘రోగి కోలుకుంటున్న ఇంట్లో మొదటిసారి కిటికీ తెరిచినప్పటి తేలికదనం’ అనో, ‘అందరూ వెళ్లిపోయిన తర్వాత వేడుక జరిగిన గదిలో మిగిలిన అలసట’ అనో రాస్తే వెంటనే వెలుగు ఎంత ఉండాలో, పువ్వులు ఎన్ని ఉండాలో, వాటిలో వాడినవి ఎన్నో మీకే తోస్తుంది. ఆ కాగితాన్ని ఈజిల్‌కు (కాన్వాస్‌ను నిలబెట్టే చట్రానికి) అంటించి ఉంచండి. పని మధ్యలో తీసుకునే ప్రతి నిర్ణయమూ ఆ వాక్యానికి జవాబుదారీగా ఉండాలి.

ఈ దశను దాటవేయడం చాలా తేలిక, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. భావం నిర్ణయం కాకుండా గాఢమైన రంగులు, వేగమైన గీతలు మాత్రమే వాడితే చిత్రం ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రంలా పైకి కనిపిస్తుంది గానీ దాని లోపల ఏమీ ఉండదు.

రెండో దశ: పువ్వును ఎంచుకోవడం

పువ్వును అందాన్ని బట్టి కాకుండా, అది ప్రవర్తించే తీరును బట్టి ఎంచుకోండి. తులిప్ కాడలు కోసిన తర్వాత కూడా పెరుగుతూ వెలుతురు వైపు వంగుతాయి. ఒక రాత్రి గడిచేసరికి జాడీలో అమరిక మారిపోయి, మీరు అమర్చని ఒక అశాంతి అక్కడికి వచ్చి చేరుతుంది. గ్లాడియోలస్ పూలకంకి కింది నుంచి పైకి విచ్చుకుంటుంది. కాబట్టి ఒకే కాడ మీద అడుగున వాడిన పువ్వు, నడుమ పూర్తిగా విరిసినది, కొసన ఇంకా ముడుచుకుని ఉన్న మొగ్గ ఒకేసారి కనిపిస్తాయి. కాలం గడవడాన్ని చూపించాలనుకునే చిత్రకారుడికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. గసగసాల పువ్వు రేకులు కోసిన ఒకటి రెండు రోజులకే రాలిపోతాయి కాబట్టి ఆ పువ్వుతో పని వేగంగా సాగాలి, ఆ తొందర కుంచె దెబ్బల్లోకి కూడా వస్తుంది. చామంతులు చాలా రోజులు నిలుస్తాయి. ఓర్పునూ నిలకడనూ చెప్పే చిత్రానికి అవి తగినవి, నిదానంగా నేర్చుకునేవారికీ అనుకూలమైనవి.

పొద్దుతిరుగుడు పువ్వుకు మరో ప్రత్యేకత ఉంది. దాని తల బరువైనది, ఇంచుమించు మనిషి ముఖమంత ఉంటుంది, కాడ మెడలా వంగుతుంది. షీలె ఆ పోలికను చివరిదాకా తీసుకువెళ్లాడు. అతని వాడిన పొద్దుతిరుగుడు సన్నని ఒంటి కాడ మీద ఆకులను చేతుల్లా వేలాడేసుకుని నిలబడి, పూలచిత్రంలా కాక ఒక వ్యక్తి చిత్రంలా కనిపిస్తుంది. మీరు కూడా పువ్వును ఒక మనిషి నిలబడిన భంగిమగా చూడడం అలవాటు చేసుకోండి. తల ఎత్తుకుని ఉందా, పక్కవారి మీద వాలిందా, గుంపు నుంచి విడిపోయిందా అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులు నేరుగా సంకేతాలవుతాయి.

తెచ్చిన పువ్వులను వెంటనే వేయకండి. ఒక పూట వాటి పక్కన ఉండి, వెలుతురు మారినప్పుడల్లా చూడండి. వాడిపోయాక పారేయకుండా, వాడిన దశలో కూడా కొన్ని స్కెచ్‌లు వేసి దాచుకోండి.

మూడో దశ: పాత సంకేతాలను తెలుసుకుని, వాటిని పక్కన పెట్టడం

పదిహేడో శతాబ్దపు డచ్ పూలచిత్రాల్లో సంకేతాలకు దాదాపు నిఘంటువు లాంటి పద్ధతి ఒకటి ఉండేది. రాలిన రేకు, పురుగు తొలిచిన ఆకు, పక్కన పెట్టిన గడియారం లేదా పుర్రె జీవితం క్షణికమని చెప్పేవి. లిల్లీ పువ్వు పవిత్రతకు, గులాబీ ప్రేమకు గుర్తుగా నిలిచేవి. ఆ చిత్రకారులు వేర్వేరు రుతువుల్లో పూసే పువ్వులను కూడా ఒకే జాడీలో వేసేవారు. ఎదుట ఎన్నడూ లేని గుత్తిని విడివిడి అధ్యయనాల నుంచి కూర్చేవారు. కాబట్టి పూలచిత్రం ఎప్పుడూ ఉన్నదాని నకలేనని, భావం కోసం ప్రకృతిని మార్చడం ఆధునికుల దుడుకుతనమని అనుకోవడం పొరపాటు.

ఈ పాత అర్థాలను తెలుసుకోండి, ఎందుకంటే చూపరి మనసులో అవి ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. తెల్ల లిల్లీని వేస్తే కొందరికి పవిత్రతా మరికొందరికి మరణమూ గుర్తుకొస్తాయి. మీరు వద్దన్నా ఆ జ్ఞాపకాలు వస్తాయి. అయితే చిత్రాన్ని వాటి మీదే నిలబెట్టకండి. ఎర్ర గులాబీని వేసి ఇది ప్రేమ అని చెప్పడం ఒక చీటీ అంటించడం వంటిది. అదే గులాబీని చుట్టూ ఉన్న మురికి ఆకుపచ్చలోంచి బయటికి తోసుకువస్తున్నట్టుగా, అంచులు చిరిగినట్టుగా, జాడీ మూతి కంటే పెద్దదిగా వేస్తే, ప్రేమలో ఉండే ఉక్కిరిబిక్కిరి తనం చూపరికి అనుభవంలోకి వస్తుంది. ఎక్స్‌ప్రెషనిస్టులు సంకేతాన్ని వస్తువు నుంచి తీసి రంగులోకి, గీతలోకి, వస్తువుల నడుమ దూరంలోకి చేర్చారు.

వాన్ గో తన పొద్దుతిరుగుడు పువ్వుల గురించి 1890లో రాసిన ఉత్తరాల్లో వాటిని కృతజ్ఞతకు సంకేతంగా చెప్పాడు. అదే సమయంలో తన చిత్రాలు ఇంచుమించు వేదనతో పెట్టిన కేక వంటివని చెల్లెలు విల్లెమీన్‌కు రాశాడు. ఏ సంకేతాల పట్టికలోనూ పొద్దుతిరుగుడు పువ్వుకు కృతజ్ఞత, వేదన అన్న రెండు అర్థాలూ పక్కపక్కన దొరకవు. చిత్రంలోకి వచ్చేసరికి అవి రెండూ కలిసే ఉంటాయి. దట్టంగా పూసిన పసుపులో కృతజ్ఞతా, విరిగి మెలితిరిగిన రేకుల అంచుల్లో వేదనా కనిపిస్తాయి. మీ చిత్రంలో కూడా ఇటువంటి రెండు భావాలకు చోటు ఉంచండి. ఒకటి రంగుకు అప్పగించి, రెండోదాన్ని గీతకు అప్పగించడం మంచి పద్ధతి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చిత్రకారుడి జీవితాన్ని నేరుగా పువ్వుల అర్థంగా మార్చకూడదు. 1937లో జర్మన్ మ్యూజియాల నుంచి నాజీ ప్రభుత్వం జప్తు చేసిన నోల్డె కృతులు వెయ్యికి పైగా ఉన్నాయి. అయినా అతను స్వయంగా నాజీ పార్టీ సభ్యుడు, ఆ భావాలను సమర్థించినవాడు. అతని గసగసాల పువ్వుల వెలుగు నిజమైనదే, అతని రాజకీయాలూ నిజమైనవే. వాటిలో ఒకటి రెండోదాన్ని మాఫీ చేయదు, తుడిచేయదు.

నాలుగో దశ: జాడీ, బల్ల, గోడ

పువ్వుల తర్వాత చిత్రంలో అత్యంత బలంగా మాట్లాడేది వాటి కింద ఉన్న తలం. బల్లను కొంచెం చూపరి వైపు వాల్చి వేస్తే, జాడీ జారిపోతుందేమో అన్న ఉద్వేగం కలుగుతుంది. బల్ల అంచును పూర్తిగా తీసేసి, గోడా బల్లా ఒకే రంగులో కలిపేస్తే పువ్వులు ఎక్కడా ఆనుకోకుండా తేలుతున్నట్టు ఉంటాయి. బల్లను వెడల్పుగా, గట్టి అడ్డగీతతో వేస్తే భద్రత వస్తుంది. జాడీ మూతి ఇరుకుగా ఉండి పువ్వులు కిక్కిరిస్తే ఒత్తిడి, మూతి వెడల్పుగా ఉండి రెండే కాడలు ఉంటే ఒంటరితనం తెలుస్తాయి. గాజు జాడీలో నీటి కింద కాడలు విరిగినట్టు కనిపిస్తాయి కాబట్టి, పైన ఉన్న శోభకూ కింద ఉన్న విరుపుకూ మధ్య తేడాను చూపించాలనుకుంటే గాజునే ఎంచుకోండి. లేదంటే మట్టి జాడీ మేలు. దాని బరువు చిత్రాన్ని నిలబెడుతుంది, గాజు మెరుపులను వేయాలన్న ఆశ కూడా మిమ్మల్ని దారి తప్పించదు.

పువ్వుల వెనుక గోడను చివర నింపే ఖాళీగా చూడకండి. సూటీన్ చిత్రాల్లో వెనుక ఉన్న చీకటి పువ్వుల మీదికి ఒరిగి వస్తున్నట్టుంటుంది, దాన్ని చీల్చుకుని ఎర్రని కంకులు మంటల్లా లేస్తాయి. ఆ చీకటి లేకపోతే ఆ ఎరుపుకు అంత తీవ్రత ఉండేది కాదు.

ఐదో దశ: రంగుల నిర్ణయం

ఈ దశకు తక్కిన అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి. ముందు మీ వాక్యానికి సరిపోయే ప్రధాన రంగు ఒకటి ఎంచుకోండి. అది చిత్రంలో సగానికి పైగా స్థలాన్ని ఏలాలి. తర్వాత దాన్ని ఎదిరించే రంగు ఒకటి, తక్కువ మోతాదులో ఎంచుకోండి. మూడోది ఈ రెండిటినీ కలిపే మసక రంగు. మొదటి ప్రయత్నాల్లో ఇంతకుమించి వద్దు. పువ్వులు రంగురంగులవి కదా అని ప్యాలెట్ (రంగులు కలిపే పలక) మీద ఉన్నవన్నీ వాడితే, ప్రతి రంగూ పక్కదాని గొంతు నొక్కి చివరకు ఏదీ వినిపించదు.

రంగుల ఎదురుబొదురు శక్తి వెనుక ఒక స్పష్టమైన కారణం ఉంది. పారిస్‌లోని గోబెలిన్స్ తివాచీల కర్మాగారంలో అద్దకం విభాగానికి అధిపతిగా పనిచేసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్, పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చివేస్తాయని 1839లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. పసుపు పక్కన పెట్టిన బూడిద రంగు కొంచెం ఊదాగా కనిపిస్తుంది, ఎరుపు పక్కన పెట్టినది ఆకుపచ్చగా కనిపిస్తుంది. వర్ణచక్రంలో ఎదురెదురుగా ఉండే ఎరుపు-ఆకుపచ్చ, పసుపు-ఊదా, నీలం-నారింజ జంటలను పక్కపక్కన ఉంచితే రెండూ మరింత తీవ్రమవుతాయి. వాటినే కలిపితే రెండూ చచ్చి మట్టిరంగు వస్తుంది. ఈ రెండు లక్షణాలూ మీకు అవసరమే. ఉద్రిక్తత కావలసిన చోట పక్కపక్కన ఉంచండి, అలసటో వాడిపోవడమో కావలసిన చోట కలపండి. వాడిన రేకుకు గోధుమరంగు ట్యూబు నుంచి తీయకుండా, ఆ రేకు తాజాగా ఉన్నప్పటి రంగులోనే దాని ఎదురు రంగును కొద్దికొద్దిగా కలుపుతూ తయారుచేస్తే, పువ్వు తనలోంచే వాడినట్టు ఉంటుంది.

‘బ్లూ రైడర్’ అనే చిత్రకారుల బృందాన్ని 1911లో ఫ్రాంజ్ మార్క్‌తో కలిసి మొదలుపెట్టిన కాండిన్‌స్కీ, పసుపు చూపరి వైపు దూసుకువస్తుందని, నీలం చూపరి నుంచి దూరంగా తనలోకి ముడుచుకుంటుందని, ఆకుపచ్చ కదలిక లేని ప్రశాంతత అని రాశాడు. దీన్ని చట్టంగా తీసుకోకుండా ఒక పరీక్షగా తీసుకోండి. ఒకే పూలగుత్తిని చిన్న కాగితాల మీద ఒకసారి నీలం గోడ ముందు, ఒకసారి పసుపు గోడ ముందు, మరోసారి మురికి గులాబీ గోడ ముందు వేసి పక్కపక్కన పెట్టండి. పువ్వులు ఏమాత్రం మారకపోయినా వాటి మనఃస్థితి మారిపోతుంది. ఆ మార్పును కళ్లారా చూడకుండా రంగుల అర్థాల గురించి ఎంత చదివినా పెద్దగా ఉపయోగం లేదు.

రంగు ఎంచేటప్పుడు అది ఎంతకాలం నిలుస్తుందో కూడా చూడాలి. వాన్ గో 1890లో వేసిన గులాబీల చిత్రాల్లో గులాబీరంగు కాలక్రమంలో వెలిసిపోయి, పువ్వులు ఇప్పుడు దాదాపు తెల్లగా కనిపిస్తాయి. అతను వాడిన ‘లేక్’ రకం ఎరుపు (అద్దకపు రంగుతో తయారుచేసినది) వెలుతురుకు నిలవనిది కావడమే అందుకు కారణం. ఆ గులాబీరంగుకూ వెనుక ఉన్న ఆకుపచ్చకూ నడుమ అతను ఉద్దేశించిన పోటీ ఇప్పుడు మనకు పూర్తిగా కనిపించదు. కాబట్టి ట్యూబు మీద వెలుతురు నిలకడను తెలిపే గుర్తులు చదవండి. అలిజరిన్ క్రిమ్సన్ బదులు క్వినాక్రిడోన్ రకం ఎరుపులు వాడితే మీ సంకేతం కూడా రంగుతోపాటు వెలిసిపోకుండా ఉంటుంది.

ఆరో దశ: సరంజామా

దీనికి పెద్ద ఖర్చు అవసరం లేదు. సుమారు 40 × 50 సెంటీమీటర్ల కాన్వాస్, బిరుసు వెంట్రుకల చదును కుంచెలు రెండు మూడు, వాటిలో ఒకటి మీకు సౌకర్యం అనిపించేదానికంటే వెడల్పైనది, ఒక ప్యాలెట్ నైఫ్, పాత గుడ్డలు చాలు. వెడల్పైన కుంచె వివరాలు వేయనివ్వదు, అదే దాని ప్రయోజనం. రంగుల్లో కాడ్మియం పసుపు, కాడ్మియం ఎరుపు, క్వినాక్రిడోన్ మెజెంటా, అల్ట్రామెరైన్ నీలం, విరిడియన్ ఆకుపచ్చ, బర్న్ట్ అంబర్, టైటానియం తెలుపు, ఒక నలుపు ఉంటే చాలు. ఆయిల్ రంగులైతే గది గాలి ఆడేలా చూసుకోండి, కాడ్మియం రంగులను చేతికి, నోటికి అంటనివ్వకండి. అవిసె నూనె పీల్చిన గుడ్డలను ముద్దగా పారేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని పరిచి ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచి మూత ఉన్న లోహపు డబ్బాలో వేయాలి. ఆక్రిలిక్ రంగులు త్వరగా ఆరతాయి, ఒకదాని మీద ఒకటి వెంటవెంటనే వేయాలనుకునేవారికి బాగుంటాయి. తడి మీద తడి కలిసే ఆయిల్ మెత్తదనం మాత్రం వాటిలో రాదు.

ఏడో దశ: కాన్వాస్ మీద పని

ముందుగా అరచేతి పరిమాణంలో నాలుగైదు నమూనాలు బొగ్గుతో వేయండి. వాటిలో పువ్వులను గుండ్రని మచ్చలుగా, కాడలను దిశలుగా మాత్రమే చూపించండి. గుత్తి మధ్యలో ఉంటే స్థిరత్వం, ఒక పక్కకు నెట్టి మిగతా చోటును ఖాళీగా వదిలితే కొరత, పై అంచు పువ్వులను కోసేస్తే పట్టలేని పొంగు కలుగుతాయి. మీ వాక్యానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి, అందంగా ఉన్నదాన్ని కాదు.

తెల్లని కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టకండి. ప్రధాన రంగుకు ఎదురు రంగును పల్చగా పూసి ఆరనివ్వండి. పై పూతల సందుల్లోంచి అది అక్కడక్కడా తొంగిచూస్తూ చిత్రమంతటా ఒక సన్నని కంపనాన్ని నింపుతుంది. పూత ఆరిన తర్వాత పెన్సిలు లేకుండా, పల్చని ముదురు నీలంతో కుంచె పట్టుకుని బొమ్మ గీయండి. చేతిని మణికట్టు నుంచి కాకుండా భుజం నుంచి కదపండి. అందుకోసం కూర్చోకుండా నిలబడడం మంచిది. గీత తప్పితే తుడవకుండా పక్కనే మరో గీత గీయండి. ఆ తడబాటు కూడా భావంలో భాగమే.

తర్వాత పెద్ద తలాలతో మొదలుపెట్టండి. గోడ, బల్ల, జాడీ నీడ పూర్తయ్యాక పువ్వులకు రండి. పువ్వును రేకు రేకుగా వేయకూడదు. ముందు పువ్వు మొత్తాన్ని ఒక మచ్చగా వేసి, అది తడిగా ఉండగానే రెండు మూడు దెబ్బలతో రేకుల దిశను చెప్పాలి. ప్రతి పువ్వుకూ వేరే వేగం ఇవ్వండి. విచ్చుకుంటున్నదానికి లోపలి నుంచి బయటికి విసిరిన దెబ్బలు, వాడినదానికి పైనుంచి కిందికి లాగి వదిలిన బరువైన దెబ్బలు సరిపోతాయి. కుంచె కదిలిన దిశను చూపరి శరీరం అనుకరిస్తుంది. ఈ చిత్రాల్లో సంకేతం ఇంత బలంగా తాకడానికి ముఖ్యమైన కారణాల్లో అదొకటని నా అభిప్రాయం.

ఆయిల్ రంగుల్లో కింది పొరల్లో నూనె తక్కువగా, పై పొరల్లో ఎక్కువగా ఉండాలి. లేకపోతే పై పొర ముందు ఆరి, కింది పొర తర్వాత ఆరుతూ ముడుచుకునేటప్పుడు పగుళ్లు వస్తాయి. దట్టమైన రంగును అన్నిచోట్లా వేయకండి. భావం ఎక్కడ కేంద్రీకరించిందో ఆ ఒకటి రెండు పువ్వుల మీద మాత్రమే ప్యాలెట్ నైఫ్‌తో మందంగా పరవండి. తక్కిన చోట్ల కాన్వాస్ నేత కనిపించినా ఫర్వాలేదు.

చివర్లో బాహ్యరేఖల గురించి నిర్ణయించుకోండి. డీ బ్రూకె చిత్రకారులు చెక్కమీద చెక్కి అచ్చువేసే పనిలో ఆరితేరినవారు. ఆ పదునైన నల్లని అంచులు వాళ్ల చిత్రాల్లోకీ వచ్చాయి. మ్యుంటర్ గాజు వెనుక చిత్రాలు వేసే జానపద పద్ధతిని ముర్నావ్‌లో నేర్చుకుని, ముదురు గీతల నడుమ చదునైన రంగులు నింపేది. గీత పెడితే పువ్వు తన హద్దుల్లో ఉంటుంది, స్పష్టంగానూ కొంచెం బందీగానూ కనిపిస్తుంది. గీత లేకపోతే పువ్వు గోడలోకి కరుగుతుంది. నోల్డె నీటిరంగుల్లో, తడిపిన జపనీస్ కాగితం మీద రంగులు తమంతట తాము పాకి ఒకదానిలో ఒకటి కలిసేవి, అంచు ఎక్కడుందో రంగే నిర్ణయించేది. ఒకే చిత్రంలో కొన్ని పువ్వులకు గీత ఉంచి, కొన్నిటిని కరగనిస్తే, ఉన్నవాటికీ వెళ్లిపోతున్నవాటికీ నడుమ తేడా ఏ వివరణా లేకుండా తెలుస్తుంది.

ఎనిమిదో దశ: ఆపడం, చూడడం, పేరు పెట్టడం

పువ్వు నిజమైన పువ్వులా కనిపించడం మొదలైన క్షణంలో ప్రమాదం మొదలవుతుంది. అప్పటి నుంచి చేయి భావాన్ని వదిలి పోలికను వెతుకుతూ, మొదట వేసిన బలమైన దెబ్బలను మెత్తబరుస్తుంది. అక్కడే ఆగి, చిత్రాన్ని గోడవైపు తిప్పి పెట్టండి. మరునాడు తలకిందులుగా చూడండి, తర్వాత అద్దంలో చూడండి. పువ్వుల పేర్లు మరచిపోయినప్పుడు కూడా రంగుల మచ్చలు మీ వాక్యాన్ని చెబుతుంటే పని అయినట్టే. చెప్పకపోతే చిన్న సవరణలు చేయకండి. గోడ రంగు మొత్తాన్నో, జాడీ బరువునో, ఒక ప్రధాన కాడ దిశనో మార్చండి. ఈ రకం చిత్రానికి చిన్న సవరణలు ఎప్పుడూ మేలు చేయవు.

మీ వాక్యం తెలియనివారికి చిత్రాన్ని చూపించి, ఏ పువ్వులో చెప్పమనకుండా, ఆ గదిలో ఏం జరిగి ఉంటుందో అడగండి. వాళ్లు చెప్పేది మీ వాక్యంతో అక్షరాలా కలవనవసరం లేదు, దాని చుట్టుపక్కల ఉంటే చాలు. మందంగా వేసిన ఆయిల్ చిత్రానికి వార్నిష్ వేయడానికి కనీసం ఆరు నెలలు, మరీ దట్టంగా ఉంటే ఏడాది ఆగాలి. ఆ లోపు దుమ్ము పడని, ఎండ నేరుగా తగలని, గాలి ఆడే చోట ఉంచండి.

పేరు పెట్టేటప్పుడు మీరు రాసుకున్న వాక్యాన్ని పేరుగా పెట్టకండి. ‘జాడీలో తులిప్‌లు’, ‘ఎర్ర గ్లాడియోలస్’ వంటి సాదా పేరు పెట్టి, ఈజిల్‌కు అంటించిన కాగితాన్ని చించకుండా చిత్రం వెనుక కాన్వాస్ చట్రానికి తేదీతో సహా అతికించండి. తర్వాతి చిత్రానికి కొత్త వాక్యం రాసే ముందు అదే పువ్వును మళ్లీ తీసుకోండి. రకరకాల పువ్వులతో చేసే పదిరకాల ప్రయత్నాల కంటే, ఒకే పువ్వును విభిన్నమైన భావాలతో పదేపదే వేయడం మీ చేతికి ఎక్కువ నేర్పుతుంది.